లంపీ వచ్చింది, ఈనబోయే ఆవును ఎట్లా కాపాడుకోవాలి?

పలమనేరు పాడి:
అన్నలూ, అక్కలూ, పక్క ఊర్లో లంపీ (ఆవులకు ఒంటి మీద గడ్డలు తేలే వైరస్ జబ్బు) అన్నారు, ఇప్పుడు మా కొట్టంలోకే వచ్చింది. నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవులున్నాయి. ఒకదానికి నిన్నటి నుంచి జ్వరం, మేత ముట్టలేదు, ఈ పొద్దు మెడ మీద, పొదుగు మీద గడ్డలు తేలాయి. దాని దూడ ఇంకా పాలు తాగుతోంది. ఇంకో ఆవు వచ్చే నెల ఈనాలి. పాల బిల్లుతోనే లోను కంతు కట్టాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ జబ్బును చూసినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

కుప్పం రైతు:
ముందు ఆ ఆవును దూరంగా, చెట్టు కిందైనా సరే, కట్టేయి తమ్ముడూ. ఈగలు, దోమలు, పిడుదులే దీన్ని మోసేది. సాయంత్రం వేపాకు పొగ వెయ్యి. మంచి ఆవుల పాలు ముందు పిండు, దీనివి ఆఖర్న. గడ్డల మీంచి రాలిన చెక్కుల్లో వైరస్ నెలకు పైనే బతుకుతుంది, ఊడ్చి కాల్చెయ్యి. చచ్చేవి సాధారణంగా వందకు పదిలోపే. దెబ్బంతా తర్వాత ఉంటుంది. 2022లో మా ఆవు గడ్డలు మానినా, పూటకు ఆరు లీటర్లిచ్చేది రెండుకు పడిపోయింది. చాన్నాళ్లు ఎదకు రాలేదు. మేత ఖర్చు మాత్రం అంతే.

పీలేరు అక్క:
తమిళనాడు పశువైద్య వర్సిటీ వాళ్లు చెప్పిన మందు మాకు పనికొచ్చింది. 10 తమలపాకులు, 10 గ్రాముల మిరియాలు, 10 గ్రాముల ఉప్పు, తగినంత బెల్లం కలిపి నూరాలి. మొదటి రోజు మూడు గంటలకొకసారి కొంచెం కొంచెంగా నాలుకకు రాయాలి. గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పుండ్లకు కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి, వెల్లుల్లి, పసుపు నువ్వుల నూనెలో కాచి, చల్లారాక పూయండి. పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టండి. డాక్టర్‌ను మాత్రం పిలవండి, ఇది ఆయన మందుకు తోడు మాత్రమే.

తిరుపతి వెటర్నరీ విద్యార్థి:
అన్నా, ఈ వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్ పుండ్లు చీము పట్టకుండా, నిమోనియా రాకుండా మాత్రమే. అది వేసినన్ని రోజులూ, డాక్టర్ చెప్పిన గడువు దాకా పాలు కేంద్రానికి పోయకండి. జబ్బు మనుషులకు రాదు, ఆ గడువు దాటాక పాలు కాచి తాగండి. మేకల మశూచి టీకానే ఆవులకు వేస్తారు, ఆరోగ్యంగా ఉన్నవాటికి మాత్రమే. పని చేయడానికి మూడు వారాలు పడుతుంది. లంపీకి చూలు పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈనబోయే ఆవుకు టీకా సంగతి డాక్టర్ చూసి చెప్పాలి. అంతవరకు ఈగలు, దోమలు దాని దగ్గరికి రాకుండా చూడండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

చంద్రగిరి జీవాలు:
జ్వరం రాగానే సంతకు తోలేసేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. ఒక ఇంటి నష్టం పది ఊర్లకు పంచుతారు. ఎవరు కొత్త ఆవును తెచ్చినా నాలుగు వారాలు వేరే కట్టండి, గాలికుంటు జబ్బు కూడా అట్లే వస్తుంది. మా గొర్రెలకూ ఇదే పద్ధతి.

పలమనేరు పాడి:
డాక్టర్ వచ్చి జ్వరానికి సూది వేశారు. చూలు ఆవును చూసి దోమతెర కట్టమన్నారు. మిగతా రెండింటికీ రేపు టీకా. దూడను తల్లి దగ్గరికి పోనివ్వొచ్చా?

తిరుపతి వెటర్నరీ విద్యార్థి:
వద్దన్నా. పొదుగు మీద పుండ్లున్నాయి కదా, వేరే ఆవు పాలు కాచి, గోరువెచ్చగా సీసాతో పట్టండి.