"తీగె మీటుడు" అనా, "తంతి కొట్టుడు" అనా? పాలడిన్ కార్డు గురించి

కృష్ణాతీరం: ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది, సగమే గుర్తుంది. "హ్యావ్ గన్ విల్ ట్రావెల్" అనే పాత అమెరికన్ వెస్టర్న్ టీవీ సీరియల్ చూసినవాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు కాబట్టి కథ చెప్పను. అందులో పాలడిన్ అనే కిరాయి తుపాకీవీరుడి వేషం వేసిన రిచర్డ్ బూన్ చదరంగం గుర్రం బొమ్మ ఉన్న కార్డు తీసి ఇస్తాడు కదా, "హ్యావ్ గన్ విల్ ట్రావెల్, వైర్ పాలడిన్, శాన్‌ఫ్రాన్సిస్కో" అని (వైర్ అంటే టెలిగ్రాం ఇవ్వమని), కాలిఫోర్నియాలో ఉండే మా మేనమామ దాన్ని గ్రాంథికంలో చదివేవారు. "తుపాకి కలదు. వచ్చెదను. తీగె మీటుడు, పాలడిన్, శాన్‌ఫ్రాన్సిస్కో." ఇందులో "తీగె మీటుడు" అనేవారా, "తంతి కొట్టుడు" అనేవారా తేలట్లేదు. ఆయన ఇప్పుడు లేరు. ఏది సరైందంటారు?

తంతితపాలా: తంతే అండి, అనుమానమే లేదు. మా నాన్నగారు, నేను ఇద్దరం తంతి తపాలా శాఖలోనే చేశాం. తీగె అంటే స్తంభాల మీద లాగిన లైను, దాని మీద పోయే కబురు తంతి. "టెలిగ్రాం కొట్టు" అన్నారు, "తంతి ఇవ్వు" అన్నారు, తీగె మీటమని ఎవరూ అనలేదు. 2013 జులైలో సర్వీసు మూసేసేదాకా అదే మాట.

తేటగీతి: మాస్టారూ, "మీటు"ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. టెలిగ్రాఫ్ కీని తెలుగులో ఏమంటాం? మీట! మీట నొక్కితేనే కదా కబురు పోయేది. మేనమామగారు వీణ తీగనీ మోర్స్ మీటనీ ఒకే మాటలో ఇమిడ్చారని నా నమ్మకం. అనువాదం అంటే అలా ఉండాలి.

తంతితపాలా: మీట నామవాచకం, మీటు క్రియ. మీట నొక్కుతాం, మీటం.

పాతబంగారం: మీరంతా రెండో పదం మీద పడ్డారు గానీ అసలు చిక్కు "వైర్" దగ్గరుంది. కార్డులో "వైర్ పాలడిన్" అని ఒకే వరుసలో ఉంటుంది, మధ్యలో కామా లేదు, అన్నీ పెద్దక్షరాలే. అందుకే అతని ఇంటిపేరు పాలడిన్, సొంతపేరు వైర్ అనుకున్నవాళ్ళు అమెరికాలోనే బోలెడుమంది. అతనికి ఆ పేరెలా వచ్చిందో చెప్పే ఎపిసోడ్లో కూడా అసలు పేరు బయటపెట్టలేదు కాబట్టి ఆ అపోహ అలాగే ఉండిపోయింది. తెలుగులో క్రియ చివర పెట్టి "పాలడిన్‌కు తంతి ఇవ్వుడు" అంటే ఈ గొడవే ఉండదు, మనకి విభక్తి ఉంది.

కృష్ణాతీరం: నిజమే, కానీ మామయ్య విభక్తి వాడలేదు. అది మాత్రం గట్టిగా గుర్తుంది.

గుర్రంబొమ్మ: "తుపాకి కలదు, వచ్చెదను" అనే ఆ మొదటి ముక్క గురించి ఎవరూ మాట్లాడరేంటి? అది అప్పటి స్టేజి నటులు నాటకరంగ పత్రికల్లో వేయించుకునే ప్రకటనల ధోరణి, సూటు ఉంది, ఎక్కడికైనా వస్తా, అని. కర్త ఉండడు, ఇంగ్లీషులో అది వింత, మనకి మామూలే. ఇంకోటి, బూన్‌ని ఆ ఒక్క కార్డుకి కట్టేసి మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంది. 1917లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టి, యుద్ధంలో నేవీ విమానాల్లో గన్నర్‌గా చేసి, తర్వాత న్యూయార్క్‌లో నటన నేర్పే యాక్టర్స్ స్టూడియోలో చదువుకుని, బ్రాడ్వేలో గ్రీకు విషాద నాటకంలో వేసి వచ్చిన మనిషి. టీవీలో ముందు డాక్టరు వేషం, "మెడిక్", 1954లో మొదలైంది. పాలడిన్ వేషం మొదట వెస్టర్న్ సినిమాల హీరో రాండాల్ఫ్ స్కాట్ కోసం అనుకున్నది, ఆయనకి కుదరక బూన్‌కి వచ్చింది. 1957 నుంచి 63 దాకా 225 ఎపిసోడ్లు, అందులో ఇరవైకి పైగా ఆయనే డైరెక్ట్ చేశాడు. గరుకు ముఖం, పెద్ద ముక్కు, నల్లబట్టలు, అందగాడేం కాదు. మొదట్లో ఒర లోంచి తుపాకి తీసి మన వైపు గురిపెట్టి ఒక మాట అంటాడు చూడండి, ఆ గొంతులో చదువు వినపడుతుంది. కీట్సుని, షేక్‌స్పియర్‌ని చెప్పి మరీ కాల్చే వెస్టర్న్ హీరో ఇంకెవరున్నారు? అది అయ్యాక ఇంకో గుర్రం సీరియల్ చేసుకుని బతికెయ్యొచ్చు, చెయ్యలేదు. 1963లో తన పేరు మీద షో పెట్టి, మన సురభి వాళ్ళలాగా ఒకే ట్రూపుతో వారానికో కథ, వారానికో వేషం. ఒక్క సీజన్‌కే ఆపేశారు. హవాయి వెళ్ళిపోయాడు. 1972లో "హెక్ రామ్సీ"తో మళ్ళీ వెస్టర్న్ సీరియల్‌కే రావాల్సొచ్చింది. 1981లో పోయాడు. ఆ ట్రూపు షో నిలబడి ఉంటే టీవీ నటన దారి వేరేగా ఉండేదని నేను ఇప్పటికీ అంటాను.

తేటగీతి: గుర్రంబొమ్మగారూ, బాగా రాశారు. కానీ తీగె అనగానే నాకు దాశరథి తప్ప ఇంకేం గుర్తురాదు. "తీగెలను తెంపి అగ్నిలో దింపినావు".

పాతబంగారం: "తెంచి" కదండీ?

తేటగీతి: రెండూ గణాలకి సరిపోతాయి, ఛందస్సు తీర్పు చెప్పదు. చెప్పేది తర్వాతి పాదంలో. అందరూ "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అంటారు, గోడల మీదా అలాగే రాస్తారు, కానీ ఆ తేటగీతి పద్యంలో అది "రత్నాల"నే. గణవిభజన చేసి చూడండి. నాతె, లంగాణ, కోటిరత్, నాల, వీణ. "రతనాల" అంటే మూడో గణం విరిగిపోతుంది, "కోటిరత" ఇంద్రగణమే కాదు. నా–నా యతి కూడా చక్కగా పడింది. నిజామాబాద్ జైల్లో ఉండి కూడా ఒక్క మాత్ర జారనివ్వలేదు ఆయన.

పాతబంగారం: పాటగా పాడుకునేటప్పుడు రతనాలే నాలుకకి హాయి. జనం నోట్లో నానిన రూపాన్ని తప్పనడం సరికాదు.

తేటగీతి: తప్పనలేదు, పద్యంలో పట్టదన్నాను.

తంతితపాలా: కృష్ణాతీరం గారి ప్రశ్న ఎక్కడో పోయింది. 1861లోనే ఖండం దాటి శాన్‌ఫ్రాన్సిస్కోకి తంతి లైను పడింది, పాలడిన్ హోటల్ గదికి వచ్చేవి తంతులే, వీణానాదాలు కాదు.

మానేరు: ఆలస్యంగా చూసిన. ఒక్క సంగతి ఎవ్వరూ పట్టుకోలే. మీ మామయ్య గ్రాంథికంల చదివితే అది "మీటుఁడు", "కొట్టుఁడు", అరసున్న తోని, "మీరు మీటండి" అని అర్థం. మా కరీంనగర్ దిక్కు "కొట్టుడు" అంటే కొట్టడం, పని పేరు. ఆయనది ఏ ఊరు? మా దిక్కైతే "తంతి కొట్టుడు" అంటే ఆజ్ఞ కాదు, అతని ధంధా ఏందో చెప్పినట్టు. మొత్తం కార్డే మారిపోతది.

కృష్ణాతీరం: పుట్టింది తెనాలి, చదివింది వరంగల్. ఇప్పుడు ఇంకా కష్టం చేశారు. పాతబంగారం గారూ, కార్డు క్లోజప్‌లో కనపడే ఎపిసోడ్ ఏదైనా ఉంటే చెప్పండి, ఆ వరుసల అమరిక ఒకసారి చూడాలి.