టాహోలో ప్రశాంతమైన బీచ్: శాండ్ హార్బర్ చాలా, చిమ్నీ బీచ్‌కి దిగాలా?

వేపపుల్ల: ఆగస్టు చివర్లో బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం) నుంచి లేక్ టాహోకి, అంటే కాలిఫోర్నియా–నెవాడా సరిహద్దులోని సరస్సుకి, ప్లాన్. ఇద్దరు పెద్దవాళ్ళు (ఒకరికి మోకాళ్ళ నొప్పి), ఆరేళ్ళ పాప, ఒక ప్యాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డు వేసే పలక). జనం తక్కువుండాలి. శాండ్ హార్బర్ జాతరలా ఉంటుందని కొందరు, చిమ్నీ బీచ్ ఖాళీగా ఉంటుందని కొందరు. ఏది మేలు?

రాతిగుండు: ప్రశాంతత కావాలంటే చిమ్నీ బీచే. నెవాడా వైపు హైవే 28 పక్కన కారు పెట్టి అర మైలు దిగాలి. ఒడ్డున పాత పొగగొట్టం ఒకటి నిలబడి ఉంటుంది, పేరు దాన్నిబట్టే వచ్చింది. గ్రానైట్ గుండ్ల మధ్య చిన్న చిన్న ఇసుక జాగాలు, ఒక్కో దాంట్లో ఒక్కో కుటుంబం సర్దుకుంటుంది. పార్కింగ్ చిన్నది, ఏడున్నరలోపు చేరాలి.

పొద్దుతిరుగుడు: మోకాళ్ళ నొప్పి అన్న మాట చదివారా? దిగడం ఒక ఎత్తు, మధ్యాహ్నం ఎండలో ఐస్‌బాక్సు మోసుకుంటూ ఎక్కడం ఇంకో ఎత్తు. సరస్సు మట్టమే సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తు, మొదటి రోజు మామూలు మెట్లకే ఆయాసం వస్తుంది. కింద తాగేనీటి కుళాయి లేదు. మనిషికి కనీసం రెండు లీటర్లు మోయాలి, చెత్త మళ్ళీ పైకి తేవాలి. ఇంకో సంగతి: అదే ఒడ్డున దక్షిణంగా నడిస్తే వచ్చే సీక్రెట్ కోవ్‌లో బట్టల్లేకుండా స్నానాలు చేసేవాళ్ళు మామూలే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇది ముందే తెలియాలి.

రాతిగుండు: దక్షిణానికి పోకుండా ఉంటే సరి. మోకాళ్ళ విషయం మాత్రం ఒప్పుకుంటా.

ఓరుగల్లు_స్టీరింగ్: శాండ్ హార్బర్ అంటే జాతరే, కానీ పదిన్నర తర్వాత. వేసవిల పొద్దున పూట కారుకి ఆన్‌లైన్ల ముందే బుకింగ్ ఉండాలె. పదిన్నర దాటినంక మిగిలిన ఖాళీలు వచ్చినోళ్ళకి వచ్చినట్టు ఇస్తరు, నిండితే గేటు మూస్తరు. రోడ్డు పక్కన ఆపి నడిచిపోదామంటే కుదరదు, రెండు దిక్కులా పార్కింగ్ బంద్, హైవే మీదికెల్లి నడిచొచ్చినోళ్ళని లోపలికి రానియ్యరు. పక్కనున్న ఇంక్లైన్ విలేజ్ అనే ఊరి నుంచి మూడు మైళ్ళ నడకబాట ఉంది, 2019ల తెరిచిండ్రు, అది వేరే ముచ్చట. బుకింగ్ చేసుకొని ఎనిమిదింటికి పోతే రెండున్నర గంటలు హాయిగ ఉంటది. పార్కింగ్ నుంచి ఇసుక దాకా దూరం లేదు, బాత్రూములున్నయ్, నీళ్ళు లోతు మెల్లగ పెరుగుతయ్. పాపకి అదే మంచిది.

గాలివాటం: చోటు గురించి కొట్టుకుంటున్నారు గానీ గడియారం గురించి ఎవరూ సరిగా చెప్పట్లేదు. టాహోలో వేసవి గాలి నైరుతి నుంచి. పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. తూర్పు ఒడ్డుకి, అంటే శాండ్ హార్బర్‌కీ చిమ్నీకీ, సరస్సు అడ్డంగా దాటి వచ్చిన అలలు తగులుతాయి. చిమ్నీ దగ్గర ఆ అలలు గుండ్ల మీదికి విసిరికొడతాయి. బోర్డు పని పదకొండులోపు ముగించాలి.

రాతిగుండు: అలాగైతే పడమటి ఒడ్డుకే పోవచ్చు కదా? అక్కడ అలలు తక్కువ.

గాలివాటం: అక్కడే అసలు ప్రమాదం. గాలి ఒడ్డు నుంచి బయటికి తోస్తుంది. ఒడ్డున నిలబడితే నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, బోర్డు మీద వందగజాలు పోయాక తిరిగి రాలేరు. పైగా గాలి రోజుల తరబడి వీస్తే పైనున్న వెచ్చని నీరు తూర్పుకి జరిగి, పడమట కింది చల్లనీరు పైకి వస్తుంది. ఆగస్టులో మామూలుగా 65–68 ఫారన్‌హీట్ ఉండే నీళ్ళు అక్కడ ఒక్కసారిగా పడిపోతాయి. 68 కూడా మన చెరువు నీళ్ళలా ఉండదు. ఉన్నట్టుండి పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, మొదటి నిమిషం ముక్కు నోరు నీళ్ళపైన ఉంచుకోవడమే పని. లైఫ్ జాకెట్ బోర్డుకి కట్టి ఉంచితే ఆ నిమిషంలో తొడుక్కోలేరు. 13 ఏళ్ళలోపు పిల్లలకి ఒంటిమీదే ఉండాలి, కాలిఫోర్నియాలోనూ నెవాడాలోనూ చట్టం అదే.

పొద్దుతిరుగుడు: బోర్డు వేరే చెరువులో వాడి ఉంటే కడిగి, నీళ్ళు ఒంపి, పూర్తిగా ఆరబెట్టి తేవాలి. 2023లో టాహోలో న్యూజిలాండ్ మట్టినత్తలు బయటపడ్డాయి. తడి ఫిన్ (బోర్డు అడుగున రెక్క), తడి చెప్పులు చాలు అవి అంటుకోవడానికి.

ఇంటికుక్కర్: తిండి సంగతి. ఆ ఎత్తులో నీళ్ళు 94 సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. బసలో వండితే ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, రెండు విజిల్స్ ఎక్కువ పెట్టండి. బీచ్‌కి పులిహోర మేలు, దద్దోజనమైతే ఐస్‌బాక్సులోనే. తిండి గానీ ఖాళీ డబ్బా గానీ కారులో రాత్రంతా వదలొద్దు. ఎలుగుబంట్లకి కారు తలుపు తీయడం వచ్చు.

ఓరుగల్లు_స్టీరింగ్: తారీకు మార్చుకునే వీలుంటే లేబర్ డే, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం, దాటినంక మంగళవారమో బుధవారమో పోండ్రి. నీళ్ళింకా వెచ్చగనే ఉంటయ్, బడులు నడుస్తుంటయ్ కాబట్టి జనం తగ్గుతరు.

రాతిగుండు: పొగ మర్చిపోయారు. 2021లో కాల్డోర్ కార్చిచ్చు వల్ల ఆగస్టు 30న సౌత్ లేక్ టాహో ఊరు మొత్తం ఖాళీ చేయించారు. ఆ నెలల్లో వాపసు ఇచ్చే బస మాత్రమే బుక్ చెయ్యాలి. బయల్దేరే ముందు రోజు గాలి నాణ్యత చూసుకోండి, సూచీ (AQI) 100 దాటితే పెద్దవాళ్ళతో వెళ్ళొద్దు.

వేపపుల్ల: సరే. సెప్టెంబర్ రెండో వారం మంగళవారం, శాండ్ హార్బర్ ఎనిమిదింటికి, బోర్డు పదకొండుకి ఒడ్డుకి. మరుసటి రోజు చిమ్నీకి మేం మాత్రమే దిగి చూసొస్తాం, పెద్దవాళ్ళు బసలోనే.

రాతిగుండు: అయితే ఏడుకే పార్కింగ్‌లో ఉండండి. చెప్పులు కాదు, బూట్లు.