రోజూ పోయి వచ్చేదాన్ని ‘వలస’ అనొచ్చా?

జడ్చర్లలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. సముద్రంలో కోపెపాడ్లు, క్రిల్ లాంటి జంతు ప్లవకాలు (నీళ్లతో పాటు కొట్టుకుపోతూ బతికే చిన్న జీవులు) మాపటికి పైనీళ్లకు ఎక్కి మేస్తాయి, తెల్లారేలోపు లోతుకు దిగిపోతాయి. మేత పైనే ఉంది, కానీ పగటి వెలుగులో అక్కడే ఉంటే చేపల కంటబడతాయి. నోట్సులో దీన్ని ‘దైనిక నిలువు వలస’ అని రాయించాను. ఒక పిల్ల లేచి “రోజూ పోయి రోజూ ఇంటికొస్తే అది వలస ఎట్లయితది సార్?” అంది. వాళ్ల అమ్మానాయన పుణెలో పనికి ఉన్నారు. పాలమూరులో వలసంటే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, తలుపుకు తాళం, తాత దగ్గర పిల్లలు. నాకు జవాబు తోచలేదు. మీరైతే ఏమంటారు?

— ‘అప్ అండ్ డౌన్’ అనండి సార్. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు తొమ్మిదేళ్లు చేసినా. నేను బస్సులో అడ్డంగా పోయినా అదే మాట, మీ ప్లవకాలు నిజంగనే అప్పు, నిజంగనే డౌను.

— కొంగలు కూడా తిరిగి వెళ్తాయి కదా, వాటిది వలసే అంటున్నాం. తిరిగి రావడం తప్పు కాదు, ‘రోజూ’ అన్నదే వలసకు అతకడం లేదు. ‘పొద్దుమేత’ అంటే?

— బాగుంది గాని, ధ్రువాల దగ్గర చలికాలంలో పొద్దే ఉండదు! ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్బార్డ్‌లో కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపాయ ఉంది, మన దేశం 2014లో నీళ్లలో పరికరాలు దించింది అక్కడే. అక్టోబరు చివర మునిగిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలోనే కనిపిస్తాడు. నడివేసవిలో అసలు మునగడు, అప్పుడు అన్నీ ఒక్కసారిగా ఎక్కి దిగడం దాదాపు ఆగిపోతుంది. చీకటి నెలల్లో ఆగదు, చంద్రుణ్ని పట్టుకుంటాయి. నీటిలోకి ధ్వని పంపి ప్రతిధ్వని వినే యంత్రాల లెక్కలు చూసి 2016లో తేల్చారు: ఆర్కిటిక్ చలికాలంలో వాటి రోజు 24 గంటలు కాదు, చంద్రుడి రోజు, అంటే దాదాపు 24 గంటల 50 నిమిషాలు. నిండు వెన్నెల ఉన్న రోజుల్లో యాభై మీటర్ల లోతుకు జారుకుంటాయి. చేపలకు ఆ కాస్త వెలుగు చాలు మరి.

— అట్లయితే మన ‘నెల’ పనికొస్తుంది. నెలంటే చంద్రుడే కదా, నెలవంకలో, నెలపొడుపులో ఉన్నది అదే. వెన్నెల అంటే తెల్లని నెల.

అందరికీ థాంక్స్. నోట్సులో ‘వలస’ కొట్టేసి ‘పొద్దు ఎక్కుదిగుడు’ అని రాశాను, చలికాలానికి ‘నెల ఎక్కుదిగుడు’. పరీక్షలో వలస అనే అడుగుతారు కాబట్టి పక్కన చిన్నగా అదీ ఉంచాను. ఆ పిల్ల చూసి ఊరుకుంది, ‘దిగుడు’ అంటే దిగుడుబావి గుర్తొస్తుందని మాత్రం వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఇంకా మంచిది తోస్తే చెప్పండి.