సమస్యాపూరణం: “పిన్నతండ్రియె తోడల్లుఁ డన్న నిజము”

నిర్వాహకుడు: ఈ వారం పాదం పైనే ఉంది. రంగం చోసన్ కొరియా. మంత్రి హన్ మ్యోంగ్‌హ్వే (1415–1487) వంశవృక్షం చూస్తుంటే తట్టింది, నవ్వాగలేదు. పూరణ ఆ ఇంటి గడప దాటకూడదు.

చాటువు:
అక్కఁ బెండ్లాడె యేజోంగు అన్నకొడుకు
చెల్లిఁ గైకొనె సోంజోంగుఁ డెల్లరెఱుఁగ
హన్ను మామయె యిద్దఱ కన్నమాట
పిన్నతండ్రియె తోడల్లుఁ డన్న నిజము

గురులఘువు: బాగుంది. యేజోంగ్ సేజో రాజుకు రెండో కొడుకు, సోంగ్‌జోంగ్ పెద్దకొడుకు కొడుకు. ఒక్క ‘అన్నకొడుకు’తో వరస తేల్చేశారు. కానీ మొదటి పాదంలో విసంధి. సంధి చేస్తే ‘యేజోంగన్న’, మూడు గురువులు వరసగా పడి గణం విరుగుతుంది. ‘యేజోంగుఁ డన్నకొడుకు’ అంటే చాలు, యతీ చెడదు. రెండో పాదంలో తోచిన ‘డు’ మొదటిదాంట్లో ఎందుకు తోచలేదో!

పద్యప్రియ: తారీఖులు కూడా చూడాలి కదండీ. పద్యంలోని అక్క పెళ్లి 1460లో. మరుసటి ఏడే కొడుకును కని కన్నుమూసింది. చెల్లి పెళ్లి 1467లో. అక్క పోయిన ఆరేళ్లకు కలిసిన తోడల్లుళ్ల వరస ఇది. ‘ఎల్లరెఱుఁగ’ పాదం నింపడానికి వచ్చిందే. ఇదిగో నాది:

అక్క యత్తయ్యె ననుచు నా యాలు నవ్వ
మామ హన్ కట్టు లెక్కకు మాట లేదు
చాలు నవ్వులు, యేజోంగు నాలిచెల్లి!
పిన్నతండ్రియె తోడల్లుఁ డన్న నిజము

చాటువు: ‘యేజోంగు నాలి’ట! నాకు విసంధి అయింది తమరికి అలంకారమా?

గురులఘువు: అది షష్ఠీసమాసం, ఉకారం మీద అచ్చు పడింది కనుక నుగాగమం. మీ పాదంలో యేజోంగ్ కర్త, ఆ సదుపాయం లేదు. పద్యప్రియ గారి చమత్కారమంతా ‘అక్క యత్తయ్యె’లో ఉంది. మగనికి పిన్ని అయితే తనకు చిన్నత్తే కదా! అడిగింది మగవాళ్ల వరస, ఈయన ఆడవాళ్ల వైపు నుంచి చెప్పించారు. మాట్లాడేది సోంగ్‌జోంగ్ అని మాత్రం పద్యంలో ఎక్కడా లేదు, చదివేవాడే పోల్చుకోవాలి.

చాటువు: మెచ్చుకోండి, మెచ్చుకోండి. కిందటిసారి వీరి పాదం గుర్తుందా? “చచ్చి పదునేడు వర్షముల్ చన వధించె”. హన్ చచ్చి, పదిహేడేళ్లయ్యాక లేచొచ్చి ఎవరినో నరికినట్టుంది!

పద్యప్రియ: వధించింది సోంగ్‌జోంగ్ కొడుకు యోన్సాన్ రాజు అని పై పాదంలోనే చెప్పాను.

యతిరాజు: పైన చెప్పినా ‘చచ్చి’కీ ‘వధించె’కీ కర్త ఒకడే కావాలి. ‘చావఁ బదునేడు’ అంటే తీరిపోయేది, యతి కూడా నిలుస్తుంది. సంగతిలో తప్పు లేదు. యోన్సాన్ తల్లి యూన్ రాణిని 1479లో పీఠం నుంచి దించి, 1482లో విషమిచ్చి చంపారు. ఆ వ్యవహారంలో ఉన్న మంత్రులపై కొడుకు 1504లో పగ తీర్చుకున్నాడు. హన్ అప్పటికే మట్టిలో ఉన్నాడు కనుక సమాధి తవ్వించి శవం తల తీయించాడు.

ఇంకో మాట. ఇద్దరూ ‘హన్’తో సరిపెట్టారు. పూర్తి పేరు మూడు గురువులు, ఒక్క ఇంద్రగణంలో ఒదగదు. ‘హన్’ను రెండో గణం చివరికి నెట్టి అక్కడ ర-గణం చేసి, మిగిలిన రెండు గురువులతో త-గణం మొదలెడితే ఒదుగుతుంది. ‘సోంజోంగు’లో మింగేసిన గకారం పొల్లుకు లెక్కేం మారదు, పోనివ్వండి.

పద్యప్రియ: సలహా బాగుంది, పద్యమే లేదు.

నిర్వాహకుడు: చాలు. హన్ నది ఒడ్డున ఆయన కట్టుకున్న అప్‌గుజోంగ్ మంటపం జోలికి ఎవరూ పోలేదేం? 1481లో చైనా మింగ్ రాయబారులు దాన్ని చూస్తామంటే, చోటు ఇరుకని రాచపందిరి అడిగాడు. అల్లుడు సోంగ్‌జోంగ్ ఇవ్వనన్నాడు. ఆ రగడలో కొలువే ఊడింది. వచ్చే వారానికి పాదం:

పందిరడిగిన మామకుఁ బదవి పోయె