రెండ్రోజులకి నరసాపురం వెళ్దామనుకుంటున్నాం, బాగుంటుందా?

గచ్చిబౌలి బాటసారి:
అందరికీ నమస్తే. నవంబరులో ఒక శని, ఆదివారాలు నేనూ, మా ఆవిడా, మా అమ్మా (68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు) గోదావరి పక్కన ఎక్కడైనా ఊరికే కూర్చుని రావాలని ఉంది. రాజమండ్రి, పాపికొండలు చూసేశాం, ఆ జనం మళ్ళీ వద్దు. నరసాపురమైతే చిన్న ఊరు, అవతల అంతర్వేది ఉందిగా అనుకుంటున్నాం. కారు లేదు, రైల్లోనే. గోదారి దాటించే ఆ పెద్ద పడవ, అదే పంటు, అమ్మని ఎక్కించగలమా?

రేవుగట్టు:
మాది ఆ ఊరేనండి. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి, ఆఖరి స్టేషన్ మాదే, పట్టాలు అక్కడితో సరి, కాబట్టి సామాను దింపుకోవడానికి కంగారుండదు. పంటు గురించి భయపడకండి. జనం, బైకులు, ఆటోలు, అరటి గెలలు అన్నీ కలిసే ఎక్కుతాయి, అమ్మగారి వయసువాళ్ళు రోజూ దాటుతూనే ఉంటారు. రేవు ఏటవాలుగా ఉంటుంది, అక్కడ మాత్రం చెయ్యి పట్టుకోండి, మీరు పట్టుకోకపోయినా పక్కనున్న ఎవరో ఒకరు "చూసుకోండి మామ్మగారూ" అంటూ పట్టేసుకుంటారు. అవతల సఖినేటిపల్లిలో దిగి ఆటోలో అంతర్వేది. గుడి చూసుకుని లైట్‌హౌస్ వైపు అన్నాచెల్లెళ్ళ గట్టుకి వెళ్తే గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే.
సాయంత్రానికి వెనక్కొచ్చి వలంధర రేవులో కూర్చోండి. డచ్చివాళ్ళని మన పాతవాళ్ళు వలందులనేవారు, ఆ పేరే అలా మిగిలిపోయింది.

గోదారి అల్లుడు:
ఊరు మంచిదే కానీ సౌకర్యంగా ఉండాలంటే డిండి వెళ్ళండి బ్రో, రిసార్టులున్నాయి, హౌస్‌బోటు ఉంది. నరసాపురంలో చూడ్డానికి ఏముంది?

రేవుగట్టు:
@గోదారి అల్లుడు, అత్తారింటికి వెళ్ళి టీవీ చూసేవాళ్ళకి ఏమీ కనపడదులెండి 😄

భీమవరం చిన్నోడు:
పోయినేడు మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. అంతర్వేదిలో సూర్యాస్తమయం అంటూ కూర్చుని ఆలస్యంగా సఖినేటిపల్లి రేవుకొస్తే ఆఖరి పంటు వెళ్ళిపోయింది. ఎదురుగా నరసాపురం లైట్లు కనపడుతున్నాయి, మధ్యలో గోదారి, మేం ఇటు. చివరికి ఒక ఆటో ఆయన్ని బతిమాలి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగొచ్చాం, అడిగినంతా ఇచ్చుకున్నాం. పొద్దున దిగగానే ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. వరద ఎక్కువుంటే అసలు తిప్పరు, నవంబరులో మామూలుగా ఆ బాధ ఉండదు.

లేసు అత్త:
మీ ఆవిడగారికి చెప్పమ్మా, 2024లో జీఐ ట్యాగ్ (ఈ సరుకు ఈ ప్రాంతానిదేనని ఇచ్చే గుర్తింపు) వచ్చింది మా నరసాపురం లేసుకే. చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం పూట అరుగుల మీద చూడండి, ఒళ్ళో దారపు ఉండ, నోట్లో కబుర్లు, చూపు చేతి మీద ఉండనే ఉండదు, సూది మాత్రం తప్పదు. మా అమ్మ కరెంటు పోయినా ఆపేది కాదు. ఒక బల్లగుడ్డకి ఎన్ని రోజులు పడుతుందో అడిగి, ఆ తర్వాత బేరమాడండి.
ఇంకోటి, మీరొచ్చేది కార్తీకంలో అయితే పాలకొల్లు క్షీరారామం ఆదివారం పొద్దున్నే చూసేయండి. సోమవారం దాకా ఆగితే పంచారామాలు, అంటే ఐదు శివాలయాలు, తిప్పే బస్సులన్నీ అక్కడే, అమ్మగారు క్యూలో నిలబడలేరు. పాలకొల్లులో దిబ్బరొట్టె పానకంతో తినండి, వేడిగా ఉన్నప్పుడే.

గచ్చిబౌలి బాటసారి:
అందరికీ థాంక్స్, టికెట్లు వేసేశాను. అమ్మ అప్పుడే పంటు గురించి పక్కింటివాళ్ళకి చెప్పేస్తోంది. ఒక్క డౌటు, పులస దొరుకుతుందా?

రేవుగట్టు:
నవంబరులో పులసా! ఎర్రనీళ్ళొచ్చినప్పుడు సముద్రంలోంచి ఎదురెక్కే చేపండి అది, వరదలతోనే సరి. ఇప్పుడు ఎవరైనా పులస అని అమ్మితే నవ్వి వచ్చేయండి. రొయ్యల ఇగురు తినండి.

భీమవరం చిన్నోడు:
ఆఖరి పంటు టైము మర్చిపోకండి.