కార్తీక వనభోజనాల సైకిల్ రైడ్: సీటు సంచి అడ్డొస్తే వెనక లైటు ఎక్కడ బిగించాలి?

లైట్ల జట్టు, విజయవాడ నుంచి:

అందరికీ నమస్కారం. రైడ్‌కి వారం ముందే ఇంగ్లండులో మీరుండే రీడింగ్ ఊరికి వచ్చేస్తాను. అప్పటిదాకా ఇక్కడ అమ్మావాళ్ళింటి నుంచే లైట్ల పని చూస్తున్నాను. మీరు పంపిన సైకిళ్ళ ఫొటోలు వరసపెట్టి చూశాను. ఒక్క సంగతి మటుకు ఇప్పుడే తేల్చుకోవాలి, అక్కడికి వచ్చాక తేల్చుకుందాం అంటే కుదరదు.

చాలా సైకిళ్ళకి సీటు వెనక పెద్ద సంచి కనబడుతోంది. పులిహోర, దద్ధోజనం, గారెలు, కింద పరుచుకునే దుప్పటి మోయాలంటే అంత సంచి కావలసిందే, కాదనను. అయితే ఆ సంచి సీటు పిల్లరుని, అంటే సీటుని మోసే నిలువు గొట్టాన్ని, పూర్తిగా కప్పేస్తోంది. వెనక లైటు మామూలుగా ఉండేదీ, చాలా సైకిళ్ళకి ఎర్ర రిఫ్లెక్టరు బిగించి వచ్చేదీ ఆ పిల్లరుకే. సంచి కట్టగానే రెండూ ఒక్కసారే కనబడకుండా పోతాయి. విజయవాడలో కార్తీకమాసంలో చీకటి పడేసరికి ఐదున్నర దాటుతుంది. నవంబరు చివర్లో రీడింగ్‌లో నాలుగింటికల్లా పొద్దు గూకేస్తుంది. భోజనాలు రెండింటికి మొదలుపెడితే తిరుగు ప్రయాణం చీకట్లోనే. ఆ పల్లె దారుల్లో వీధి దీపాలుండవు, రెండు పక్కలా ఎత్తుగా పొదల కంచె, మలుపు తిరిగేదాకా అవతల ఏముందో కారు నడిపేవాళ్ళకి తెలీదు.

అక్కడి చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా రోడ్డెక్కిన సైకిల్‌కి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. 1985 అక్టోబరు తరవాత తయారైన వాటికి పెడళ్ళకి కూడా పసుప్పచ్చ రిఫ్లెక్టర్లు కావాలి. వెనక లైటు నేల నుంచి 350 మిల్లీమీటర్లకి పైన, 1500కి లోపల ఉండాలి. అదీ సైకిల్‌కి నట్టనడుమ గానీ కుడి పక్కన గానీ. మన బందరు రోడ్డు మీదలాగే అక్కడా బళ్ళు ఎడమ పక్కనే నడుస్తాయి, మనల్ని దాటే కారు కుడి పక్క నుంచి దాటుతుంది. కాబట్టి ఎడమ పక్కన ఒక్క లైటు పెట్టి సరిపెట్టుకుంటే ఒప్పుకోరు. హెల్మెట్‌కి పెట్టుకున్న లైటు మంచిదే గానీ లెక్కలోకి రాదు. లైటు సైకిల్‌కే ఉండాలి.

రూటు జట్టు, రీడింగ్:

తమ్ముడూ, ఈ సంచులకి వెనక లైటు తగిలించుకోవడానికి గుడ్డ పట్టీ ఒకటి కుట్టే ఉంటుంది కదా. అందరినీ దానికే తగిలించుకోమందామా? కొత్తగా కొనేదేమీ ఉండదు. మొదటిసారి వస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, పానాలూ స్క్రూలూ అంటే భయపడతారు.

లైట్ల జట్టు:

అక్కా, ఆ పట్టీ గురించే నా బెంగంతా. నిన్న రాత్రి మా తమ్ముణ్ణి తీసుకుని బ్యారేజీ దాటి సీతానగరం వైపు వెళ్ళి అదే పరీక్ష చేశాను. సంచిలో దుప్పటీ డబ్బాలూ కుక్కి పట్టీకి లైటు తగిలిస్తే బాగానే ఉంది, ముప్పై అడుగుల దూరం నుంచి ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడింది. అదే సంచిలోంచి డబ్బాలు తీసేసి చూస్తే సంచి తోక జారింది, లైటు తలొంచుకుని రోడ్డుని చూస్తోంది. వెనక నిలబడితే కనబడింది తారు మీద ఎర్రటి మరక మాత్రమే. చిన్న ఎల్ఈడీ లైట్ల అద్దం వెలుగుని సన్నటి కట్టగా వెనక్కి తోస్తుంది. ఆ కట్ట కిందికి తిరిగితే వెనక వచ్చే డ్రైవరు కంటికి అందేది చాలా తక్కువ. సైకిల్ తొక్కుతుంటే సంచి అటూ ఇటూ ఊగడం దానికి తోడు.

ఇప్పుడు మన రైడ్ తలుచుకోండి. పగలు నిండు సంచితో వెళ్తాం, రాత్రి ఖాళీ సంచితో వస్తాం. బయల్దేరే ముందు చూసుకున్నప్పుడు అంతా సవ్యంగానే కనబడుతుంది. లైటు నిజంగా కావలసిన వేళకి సంచి జారిపోయి ఉంటుంది. అందుకే లైటు పరీక్ష అంటూ చేస్తే ఖాళీ సంచితోనే చెయ్యాలి. నేను పట్టుబట్టేది ఈ ఒక్కదాని గురించే.

మరి ఎక్కడ బిగించాలి అంటే, క్యారియరు ఉన్నవాళ్ళకి అసలు ఇబ్బందే లేదు. చాలా క్యారియర్లకి వెనక చిన్న రేకు పలక, దానికి 50 లేదా 80 మిల్లీమీటర్ల ఎడంలో రెండు రంధ్రాలు ఉంటాయి. క్యారియరు కోసం అమ్మే లైట్లు సరిగ్గా ఆ కొలతకే వస్తాయి. రెండు బోల్టులు బిగిస్తే లైటు కదలదు, సంచి నిండినా ఎండినా దానికి పట్టదు. వాటిలో చాలావాటికి రిఫ్లెక్టరు కూడా కలిసే ఉంటుంది.

క్యారియరు లేనివాళ్ళకి సీట్ స్టేలు. సీటు కింద నుంచి వెనక ఇరుసు దాకా దిగే రెండు సన్నటి గొట్టాలు అవి. కుడి గొట్టానికి, పై సగంలో, బయటి వైపుకి వచ్చేలా బిగించాలి. మరీ కిందికి పెడితే చక్రమూ కాలి మడమా అడ్డొస్తాయి. పక్క సంచులు వేసినవాళ్ళకి ఈ చోటు పనికిరాదు, అవి లైటుని మింగేస్తాయి. ఈ గొట్టాలు పిల్లరు కన్నా బాగా సన్నం, ఏటవాలుగా ఉంటాయి. పిల్లరు కోసం చేసిన రబ్బరు పట్టీ లైటుని నేరుగా దీనికి చుడితే జారుతుంది, ఆకాశం వైపో నేల వైపో తిరుగుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి, దాని మీద పట్టీ లాగి కడితే గట్టిగా పడుతుంది. కోణం సరిచేసుకునే బ్రాకెట్ ఉన్న లైటయితే ఇంకా మంచిది. బ్రేకు కేబులు ఆ గొట్టం వెంటే పోతుంటే దాన్ని పట్టీ కింద నొక్కెయ్యకండి, బ్రేకు పట్టేస్తుంది.

సీటు కింద కమ్మీలకి పట్టే బ్రాకెట్లు కూడా దొరుకుతాయి. ఇనుప కమ్మీలు సాధారణంగా 7 మిల్లీమీటర్ల గుండ్రటివి, వాటికి క్లాంపు బాగానే పడుతుంది. కార్బన్ కమ్మీలకి మాత్రం క్లాంపు బిగించొద్దు, నొక్కుకుపోయి పగిలే ప్రమాదం ఉంది. పైగా సంచి పట్టీలూ ఆ కమ్మీల మీదే ఉంటే చోటు చాలదు.

గుంటూరు నుంచి (వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి రీడింగ్ వస్తున్నాను):

ఒరే నాన్నా, మడ్‌గార్డు సంగతి మర్చిపోయావేంటి? మా కాలపు సైకిళ్ళకి వెనక మడ్‌గార్డు చివర తెల్ల రంగు వేసి దాని మీద ఎర్ర బిళ్ళ బిగించేవాళ్ళు. పెదకాకాని వైపు నుంచి క్యారియరు మీద గడ్డి మోపులు వేసుకుని వచ్చినా ఆ బిళ్ళ కింద కనబడుతూనే ఉండేది. సరుకు ఎంత పెరిగినా మడ్‌గార్డు దాకా దిగదు. అక్కడ ఎలాగూ వానలు కదా, మడ్‌గార్డులు వేసుకునే వస్తారు. దానికే బిగించండి.

లైట్ల జట్టు:

బాబాయి గారూ, మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. మడ్‌గార్డుకి ఒకే బోల్టుతో పట్టే లైట్లు ఇప్పటికీ వస్తున్నాయి. గట్టి మడ్‌గార్డు ఉన్న ప్రతి సైకిల్‌కీ రిఫ్లెక్టరు అక్కడికే మార్చేద్దాం, వీలైతే లైటు కూడా. చిటికెలో తగిలించి తీసేసే పల్చటి ప్లాస్టిక్ మడ్‌గార్డుల మీద మాత్రం బరువు పెట్టొద్దు, గుంతలో పడగానే ఊగి ఊగి విరుగుతాయి.

వంటల జట్టు, రీడింగ్:

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలు ఎలాగూ సంచిలోనే ఉంటాయి కదండీ? అప్పుడు సంచి మరీ అంత జారదేమో. గుడ్డ పట్టీ తప్ప వేరే దారి లేనివాళ్ళు ఇద్దరు మా జట్టులోనే ఉన్నారు.

లైట్ల జట్టు:

డబ్బాలు ఉంటే కొంత నయమేనండీ, కానీ మన అలవాటు మీకు తెలుసుగా. ఖాళీ అయ్యాక చిన్న డబ్బా పెద్ద డబ్బాలో, అది ఇంకా పెద్దదాంట్లో, చివరికి అన్నీ ఎవరో ఒకరి కారు డిక్కీలో. వాళ్ళిద్దరి కోసం ఇలా చేద్దాం. సంచి లోపల, పట్టీ కుట్టిన గోడకి ఆనించి, గట్టి ప్లాస్టిక్ మూత కత్తిరించి నిలబెట్టండి. వచ్చేటప్పుడు దుప్పటి మడత పెట్టకుండా ఉండ చుట్టి కుక్కండి, సంచి బెల్టులు మళ్ళీ బిగించండి. లైటు తేలికపాటిదే వాడండి, క్లిప్పు ఊడినా కింద పడకుండా సన్నటి తాడు కట్టండి. ఇంత చేసినా ఆ లైటు రెండోదిగానే ఉండాలి. మొదటిది వాళ్ళ సైకిల్ గొట్టానికే నేను బిగిస్తాను.

క్యారియరు ఉండి రేకు పలక లేనివాళ్ళ కోసం వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టు నుంచి పాతిక మిల్లీమీటర్ల పీవీసీ పైపు, క్లాంపులు తెచ్చాను. జానెడు ముక్క కోసి క్యారియరు చివర అడ్డంగా బిగిస్తే అది చిన్న పిల్లరులాగే పనిచేస్తుంది, పిల్లరుకి పట్టే లైటు ట్యూబు ముక్క చుట్టి దానికే తగిలించొచ్చు. పైపు ముక్కలూ క్లాంపులూ చెక్-ఇన్ సామానులో వేస్తాను. లైట్లూ విడి బ్యాటరీలూ క్యాబిన్ సంచిలోనే, లిథియం కాబట్టి.

వెలుగు నేరుగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సైకిల్ వెనక చక్రం గోడకి రెండు బారల దూరంలో ఉంచి లైటు వెయ్యండి. ప్రకాశం ఎక్కువగా పడే చోటు గోడ మీద లైటు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉండాలి. తరవాత వాన కోటు వేసుకుని సీటు మీద కూర్చోండి, ఇంకొకరిని వెనక నిలబెట్టి చూడమనండి. పొడుగు కోటు అంచు లైటు మీద పడుతుంటే కూర్చున్నవాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

లైటుని మిణుకుమిణుకుమనే మోడ్‌లో పెట్టొచ్చా అని కొందరు అడిగారు. బ్రిటన్‌లో 2005 నుంచి దానికి అనుమతి ఉంది, నిమిషానికి 60 నుంచి 240 సార్లు. కానీ గుంపులో వెనక తొక్కేవాళ్ళకి అది కళ్ళల్లో కొడుతుంది. కాబట్టి మధ్యలో ఉన్నవాళ్ళందరూ నిలకడ వెలుగు, తక్కువ ప్రకాశం. గుంపు చివర వచ్చే ఇద్దరు వాలంటీర్లు మాత్రం మిణుకు మోడ్, వాళ్ళకి రెండేసి లైట్లు. చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ముందురోజు రాత్రే పూర్తిగా ఛార్జి పెట్టుకోండి, పగలు ఆపి ఉంచండి.

రూటు జట్టు, రీడింగ్:

సరే తమ్ముడూ, ఒప్పుకున్నాం. భోజనాలయ్యాక, బయల్దేరే ముందు పార్కింగ్ స్థలంలో అందరినీ వరసగా నిలబెట్టి ఖాళీ సంచితోనే చూస్తాం. ఆ పని నేనూ, వంటల జట్టు నుంచి ఒకరూ తీసుకుంటాం. లైటు కనబడని సైకిల్ కారెక్కుతుంది, ఎవరిదైనా సరే. కార్లు రెండు మాట్లాడి ఉంచాను.

లైట్ల జట్టు:

చాలా సంతోషం అక్కా. మూడున్నరకే ఆ వరస మొదలుపెట్టండి, వెలుగుండగా బిగించడం తేలిక. అందరూ ఈ ఆదివారం లోపల రెండు ఫొటోలు పంపండి, సంచి నిండుగా ఒకటి, ఖాళీగా ఒకటి, రెండూ వెనక నుంచి తీసినవే. క్యారియరు ఉందా, మడ్‌గార్డు గట్టిదా పల్చటిదా, సీటు కమ్మీలు కార్బన్‌వా అన్నది కింద రాయండి. దాన్నిబట్టి ఇక్కడి నుంచి ఎన్ని క్లాంపులు తేవాలో చూసుకుంటాను.