ఫెడరేషన్ సమాఖ్య అయితే, కాన్ఫెడరేషన్ ఏమిటి?

ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. కెన్యా, ఉగాండా, టాంజానియాలతో మొదలై ఇప్పుడు 8 దేశాలున్న సంస్థ అది, కేంద్రం టాంజానియాలోని అరూషా. ఎప్పటికైనా ఒకే ఫెడరేషన్ కావాలన్నది ఒప్పందంలోనే ఉంది. అయితే ముందు అంతకన్నా వదులైన కాన్ఫెడరేషన్‌తో మొదలుపెడదామని 2017లో అధినేతలు అనుకున్నారు. మన పత్రికలకు ఐరోపా యూనియన్ సమాఖ్యే, ఫెడరల్ వ్యవస్థా సమాఖ్యే. మా ఊళ్లోనైతే సమాఖ్య అంటే డ్వాక్రా మహిళల మండల సమాఖ్య. "ముందు సమాఖ్య, తరవాత సమాఖ్య" అని రాయమంటారా?

సంస్కృతం మాస్టారు: సంస్కృతంలో సమాఖ్య అంటే పేరు, కీర్తి. ఈ రాజకీయార్థం మనం తగిలించిందే. ఏ మంత్రాన్ని ఏ కర్మలో వాడాలో తేల్చడానికి మీమాంసకులు (వేదవాక్యాల అర్థాన్ని విచారించే శాస్త్రకారులు) ఆరు ప్రమాణాలు చెప్పారు: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. ముందుదానికంటే తరవాతిది బలహీనం. అంటే అట్టడుగున ఉన్నది సమాఖ్య, ఉత్త పేరు!

దారెస్సలాం (టాంజానియా) నుంచి: మాస్టారూ, ఆ మాట ఇక్కడివాళ్లకు చెప్పాలి. నమంగా సరిహద్దు దాటి కెన్యాలోకి వెళ్లేటప్పుడు షిల్లింగులిచ్చి మళ్లీ షిల్లింగులే తీసుకుంటాం. పేరొక్కటే, డబ్బు వేరు. ఒకప్పుడు మూడు దేశాలకూ ఒకే షిల్లింగు ఉండేది. 1966లో ఎవరి కేంద్ర బ్యాంకు వారు పెట్టుకున్నారు. మళ్లీ ఒకే కరెన్సీ తెద్దామని 2013లో సంతకాలు చేశారు, 2024 గడువు కూడా దాటిపోయింది. అసలు 1963లోనే ఆ మూడు దేశాల నేతలు కెన్యాట్టా, ఒబోటే, న్యెరేరే ఆ ఏడాదే ఫెడరేషన్ అని ప్రకటించారు, అదీ కాలేదు. 1967లో పెట్టిన సంస్థ పదేళ్లకే కూలింది. ఇప్పటిది 1999 ఒప్పందంతో మళ్లీ లేచినది.

ఇక్కడి స్వాహిలీ భాషలో మాత్రం తికమక లేదు. ఇప్పుడున్న సంస్థ "జుముయియా", కలలోని ఫెడరేషన్ "షిరికిషో". రెండూ అరబీ మూలాలే. మన లెక్కల్లోని "జమ" మొదటిదానికి చుట్టం. హైదరాబాద్‌లో వినే "షరీకు" (భాగస్వామి) రెండోదానికి. జమకావడం వేరు, షరీకవడం వేరు కదండీ!

సంస్కృతం మాస్టారు: బాగుంది. అధికారాన్ని పైకి ఒప్పగిస్తేనే సమాఖ్య అందాం. ఎవరి జెండా, ఎవరి సైన్యం వారి దగ్గరే ఉంచుకుని కొన్ని పనులకు కలిస్తే "రాజ్యాల కూటమి".

కూటమి అంటే సీట్ల సర్దుబాటే గుర్తుకొస్తోంది మాస్టారూ! అయినా "రాజ్యాల" ఉంది కాబట్టి సరిపెట్టుకుంటాను. సాయంత్రమే వ్యాసం పంపాలి. సంపాదకులు దాన్ని మళ్లీ సమాఖ్యగా దిద్దితే ఈ మీమాంసంతా ఆయనకే పంపిస్తాను.